తమ్ముడి చేతికి సరిపడే పెద్ద బోరు పిస్టల్: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 11, నెల్లూరు

సంక్రాంతికి వచ్చిన తమ్ముడు సూట్‌కేసు విప్పకముందే కుడిచేతి బొటనవేలి మొదలు చూపించి, "అన్నా, ఇక్కడ నొప్పి తగ్గడంలేదు, అయినా నాకొక పెద్ద బోరు పిస్టల్ కావాలి, ఏది తీసుకోవాలో నువ్వే లెక్క కట్టాలి" అన్నాడు. అతడు హ్యూస్టన్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాడు, ఆ దేశపు పౌరుడు. శనివారాలలో ఇంటికి దగ్గరలోని ఇండోర్ రేంజికి వెళ్లి కాగితపు టార్గెట్ల మీద కాల్చడం అతడికి కాలక్షేపం. ఇంతవరకు .22, 9 మి.మీ. వాడాడు, ఇప్పుడు మనసు .44 మీదికీ .45 మీదికీ పోయింది. ఈ అంకెలు బోరు, అంటే తుపాకీ గొట్టం లోపలి వ్యాసం: .45 అంటే సుమారు అంగుళంలో నూటికి 45 వంతులు.

పెద్ద బోరు ఎందుకని అడిగితే అతడు చెప్పిన కారణం విని మొదట నవ్వాను. గురి చూసుకోవడానికి తుపాకీ మూతి దగ్గర ఉండే ముందు సైటు స్పష్టంగా కనిపించే కళ్లజోడు పెట్టుకుంటే దూరాన ఉన్న కాగితం మసకబారుతుందట, ఆ మసకలో .22 చేసిన చిల్లు కనిపించదు గానీ .45 చేసిన పదకొండు మిల్లీమీటర్ల చిల్లు కనిపిస్తుందట. యాభై దాటినవాడికి ఇది చిన్న కారణమేమీ కాదని తరువాత నాకే తోచింది.

ఒకసారి స్నేహితుడి దగ్గర ఉన్న పొట్టి గొట్టం (బ్యారెల్) ఉన్న, మందు ఎక్కువగా దట్టించిన తూటాలు వాడే .44 మాగ్నం రివాల్వరును నాలుగుసార్లు కాల్చగా, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చర్మం రెండు రోజులు వాచి ఉందని చెప్పాడు. అందుచేత ప్రాజెక్టుకు షరతులు మేమిద్దరం కూర్చుని ఇలా రాసుకున్నాము: ఒక పూట యాభై తూటాలు కాల్చినా మరునాడు ఉదయం బొటనవేలు నొప్పి పెట్టకూడదు, అతడి పొట్టి వేళ్లకు ట్రిగ్గర్ సులువుగా అందాలి, ట్రిగ్గర్ నొక్కేముందు కళ్లు మూసుకునేంత బెదురు ఉండకూడదు. నేను ఫిజిక్సు చెప్పి రిటైరైనవాడిని, తుపాకీ పట్టుకున్నది కాలేజీలో ఎన్.సి.సి. వారి .22 రైఫిలు ఒక్కటే. కాబట్టి లెక్కలూ చెక్క నమూనాలూ నా వంతు, కాల్చి ఫలితాలు రాసి పంపడం అతడి వంతు.

జనవరి 12

ఇదే పని నెల్లూరులో చేయవచ్చుగదా అని అమ్మ అడిగింది. చేయలేము. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి నియమాల ప్రకారం సైన్యం, పోలీసులు వాడే 9 మి.మీ. సర్వీసు తూటా పేల్చగల పిస్టళ్లు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి, వాటికి అనుమతి ఇచ్చేది కలెక్టరు కాదు, కేంద్ర హోం శాఖ. మామూలు లైసెన్సుదారు చేతిలో ఎక్కువగా కనిపించే పిస్టల్ .32. పోటీల కోసం కాల్చేవారికి కూడా 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలో 7.62 నుంచి 9.65 మి.మీ. వరకే అనుమతి, అంటే .45కు అక్కడా చోటు లేదు. అమ్మకు ఇదంతా అక్కర్లేదు, "మనకెందుకురా ఆ తుపాకులు" అని అరిసెల పిండి వైపు తిరిగింది.

మధ్యాహ్నం లెక్క మొదలుపెట్టాను. తూటాలోంచి వెలువడే గుండు ముందుకు పోయే ద్రవ్యవేగమూ, దాని వెంట బయటికి వచ్చే, కాలిన తుపాకిమందు వాయువుల ద్రవ్యవేగమూ కలిపితే, అంతే ద్రవ్యవేగంతో పిస్టల్ వెనక్కి తన్నుతుంది. వాయువుల వేగం సెకనుకు సుమారు 1200 మీటర్లని అనుకుని ఖాళీ తుపాకుల బరువుతో లెక్క కట్టాను. 230 గ్రెయిన్ల గుండు, అంటే 14.9 గ్రాములు, సెకనుకు 850 అడుగుల వేగంతో పోయే .45 ఎ.సి.పి. (పిస్టళ్ల కోసం చేసిన రకం) తూటాను 1.1 కిలోల, 1911 అనే మోడలు ఉక్కు పిస్టల్‌లో కాలిస్తే పిస్టల్ సెకనుకు 3.9 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది, ఆ శక్తి 8.4 జౌళ్లు. అదే తూటాను 830 గ్రాముల పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) పిస్టల్‌లో కాలిస్తే 11 జౌళ్లు దాటుతుంది. ఆరంగుళాల బ్యారెల్ ఉన్న 1.35 కిలోల పెద్ద రివాల్వరులో 240 గ్రెయిన్ల .44 మాగ్నం కాలిస్తే దాదాపు 23 జౌళ్లు వస్తుంది. తమ్ముడి చేయి వాచిన తుపాకీ ఇంతకంటే తేలిక కనుక, అతడు పడిన దెబ్బ దీనికి మించే ఉంటుంది.

అయితే ఆ రివాల్వరుకు ఒక వెసులుబాటు ఉంది. 1955లో వచ్చిన మాగ్నం తూటా, 1907 నాటి .44 స్పెషల్ తూటా పొడవు పెంచగా పుట్టినదే కాబట్టి, మాగ్నం రివాల్వరులో స్పెషల్ తూటాను నిక్షేపంగా కాల్చుకోవచ్చు. పొడవైన మాగ్నం తూటా మాత్రం స్పెషల్ రివాల్వరులో పట్టదు, పట్టనివ్వకూడదు కూడా. 246 గ్రెయిన్ల స్పెషల్ గుండు వేగం 755 అడుగులే, పైగా అది 1.35 కిలోల ఉక్కు నుంచి వస్తుంది. లెక్క 6.5 జౌళ్లకు దిగింది. నాలుగింటిలోకీ ఇదే తక్కువ కనుక, ఆ సాయంత్రమే నా మటుకు ప్రాజెక్టు ముగిసిపోయిందనుకున్నాను. తమ్ముడు మాత్రం కాగితం చూసి, "ఇందులో నా వేళ్లు ఎక్కడున్నాయి?" అన్నాడు.

జనవరి 17, ఉదయగిరి

కనుమ వెళ్లిన రెండో రోజు ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి వెళ్లాము. అక్కడ చెక్క గరిటెలూ చెంచాలూ ఫోర్కులూ చేతితో చెక్కే కుటుంబాలున్నాయి. గరిటె పిడి చెక్కగలిగిన చెయ్యి పిస్టల్ పిడి ఆకారం కూడా చెక్కగలదని నా నమ్మకం. బ్యారెల్ వంటిదేమీ లేకుండా పిడీ, దాని పైన ఒక దిమ్మె, ట్రిగ్గర్ ఉండవలసిన చోట ఒక అడ్డపుల్ల మాత్రమే ఉండేలా గీసిన మూడు బొమ్మలు తీసుకుపోయాను, చూసినవారెవరూ ఆయుధమని పొరబడకుండా.

నర్ది కర్రతో పని చేస్తున్న ఒక పెద్దాయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంది సార్, రంపం పిడా?" అని అడిగాడు. సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత తమ్ముడి చేయి అడిగి తీసుకుని, అరచేతిని తన బొటనవేలితో నొక్కి చూసి, పక్కనున్న బాడిత పిడిని అందులో పెట్టాడు. "మూసినప్పుడు ఏలి కొసలు అరిచేతికి తగలగూడదు, మరీ యెడంగా నిలవనూగూడదు. తగిల్తే పిడి చేతిలో తిరిగిద్ది, యెడమైతే నరం లాగిద్ది" అన్నాడు. గుండ్రటి పిడి వద్దని, కోలగా ఉంటేనే చూడకుండా పట్టుకున్నా అంచు ఎటున్నదో చేతికి తెలుస్తుందని కూడా చెప్పాడు. నేను జనవరి 12న రాసుకున్న రెండు పేజీల లెక్కలో ఈ రెండు మాటలకూ చోటు లేదు.

పిడి వెనుక అంచు నుంచి ట్రిగ్గర్ ముఖం వరకు ఉండే దూరం 66, 72, 78 మిల్లీమీటర్లు వచ్చేలా మూడు నమూనాలు చేయించాము. మూడోదాని పిడి కావాలనే లావుగా చెక్కించాను. తమ్ముడి చేయి మణికట్టు గీత నుంచి మధ్యవేలి కొస వరకు 178 మి.మీ. ఉంది. మా నాన్న చేయి కూడా ఇంతే.

జనవరి 20

ఖాళీ చెక్క నమూనాతో బరువు తెలియదు. మైపాడు నుంచి చేపల వలలకు కట్టే సీసపు గుండ్లు తెప్పించి, పిడిలో డ్రిల్లుతో తొర్రలు చేసి, వాటిని కూరి, మైనంతో మూసి, వీధి చివరి అంగడిలో ఎలక్ట్రానిక్ కాటా మీద తూచాము. 66 నమూనాకు 1100 గ్రాములు, 72 నమూనాకు 830, 78 నమూనాకు 1350. అంగడాయన మూడోసారి తూచమన్నప్పుడు విసుక్కోకుండా, "పూజ సామానా సార్?" అని మాత్రం అడిగాడు.

పట్టుకుని చూస్తే మూడూ అనుకున్నదానికంటే తేలికగా తోచాయి. 1350 గ్రాములది కూడా పసిపిల్లవాడి ఆటవస్తువులా చేతిలో నిలిచింది. తమ్ముడు, అసలు తుపాకీ ఇలా ఉండదని, దాని మూతి నేల వైపు లాగుతుందని చెప్పాడు. తప్పు నాది: తొర్రలు వేయడం సులువని సీసమంతా పిడిలోనే దించాను, బరువు అరచేతిలోనే కూర్చుంది. అసలు తుపాకీలో ఉక్కు చాలావరకు చేతికి ముందూ పైనా ఉంటుంది. దిమ్మెకు ముందు ఒక జానెడు కర్ర బద్ద బిగించి, సీసంలో సగం తీసి దానికి కట్టాము. మైనం మళ్లీ కాచడంతో వంటగదిలో వాసన పట్టి అమ్మ చేత చీవాట్లు తిన్నాము.

జనవరి 23

తమ్ముడు వెళ్లేలోగా పరీక్ష పెట్టాను. రెండు చేతులతో నమూనాను కంటి ఎత్తుకు తెచ్చి, ఇరవై సెకన్లు నిలిపి, దించి, పది సెకన్లు ఆగి మళ్లీ ఎత్తాలి, యాభైసార్లు. పక్కన కుర్చీ వేసుకుని గడియారం పట్టుకుని నేను లెక్కపెట్టాను.

830 గ్రాములది యాభైసార్లూ ఎత్తాడు గానీ, 72 మి.మీ. దూరం వల్ల వేలి మొదటి మడత దగ్గర కాక వేలి కొసతో పుల్లను అందుకోవలసి వచ్చింది. 1350 గ్రాములది ముప్ఫైయొకటోసారికి భుజం వణికింది, ముప్ఫైఆరోసారికి బొటనవేలి మొదట నొప్పి మొదలైంది. దాని 78 మి.మీ. దూరాన్ని అందుకోవడానికి అతడు తెలియకుండానే పిడిని చేతిలో పక్కకు తిప్పి పట్టుకుంటున్నాడు, దానితో పిడి వెనుక అంచు అరచేతి మధ్యకు బదులు నేరుగా బొటనవేలి కీలు మీద ఆనుతోంది. తన్ను వస్తే అది కీలులోకే పోతుందన్నమాట. 1100 గ్రాములది, 66 మి.మీ.ది, నలభైనాలుగుసార్లు ఎత్తి ఆపాడు, అదీ నొప్పి వల్ల కాదు, భోజనానికి పిలిచారని.

బరువు పెరిగితే తన్ను తగ్గుతుందని నేను లెక్క వేశాను గానీ, ఆ బరువును మళ్లీ మళ్లీ ఎత్తి పట్టుకునే శ్రమ నా లెక్కలో లేదు. అయినా .44 స్పెషల్ మీద ఆశ వదులుకోలేదు. అసలు రివాల్వరులో తూటాను పేల్చే సుత్తిని ముందే బొటనవేలితో వెనక్కి లాగి ఉంచితే ట్రిగ్గర్ కూడా వెనక్కి జరుగుతుంది, దూరం తగ్గుతుంది. రేంజిలో తేల్చుకుందామని అనుకున్నాము.

ఫిబ్రవరి 8

హ్యూస్టన్‌లో ఉదయం పది, ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. అక్కడి రేంజిలో తుపాకులు గంటల లెక్కన అద్దెకిస్తారు కాబట్టి, కొనకముందే నాలుగు రకాలు కాల్చి చూడవచ్చు. కాల్చే వరుసలో ఫోను అనుమతించరు, అందుచేత తమ్ముడు విరామంలో బయటి గదిలోకి వచ్చి మాట్లాడాడు.

మొదట పదమూడు తూటాలు పట్టే పాలిమర్ .45. ఖాళీ తుపాకీని సిబ్బంది చూస్తుండగా దర్జీ టేపుతో కొలిస్తే ట్రిగ్గర్ దూరం 73కు అటూ ఇటూగా వచ్చింది. రెండు వరుసల తూటాలు పిడిలోనే కూర్చుంటాయి కనుక పిడి లావు. పద్దెనిమిదో తూటాకు స్లైడు, అంటే తూటా పేలిన ప్రతిసారీ వెనక్కి పోయి వచ్చే పైభాగం, మధ్యలో నిలిచిపోయింది. వచ్చి చూసిన ఉద్యోగి తుపాకీలో దోషం లేదని, మణికట్టు వదులుగా ఉంటే స్లైడు వెనక్కి పోవడానికి తగిన ఆనిక దొరకక ఇలా ఆగుతుందని చెప్పాడు. లావు పిడిని అందుకోవడానికి చేయి తిప్పి పట్టుకునేవాడి మణికట్టు వదులుగాక ఇంకేమవుతుంది?

తరువాత అయిదంగుళాల ఉక్కు 1911. ఒకే వరుస తూటాలు కనుక పిడి పలచన. పొడవు ట్రిగ్గర్ ఉన్నదాంట్లో కూడా దూరం 71 దాటలేదు. 1911లో అమెరికా సైన్యం తీసుకున్న ఈ పిస్టల్‌ను 1920లలో సవరించి, ట్రిగ్గర్ పొట్టిగా చేసి, ట్రిగ్గర్ వెనుక ఫ్రేముకు, అంటే తుపాకీ చట్రానికి, రెండు పక్కలా చెక్కివేసి ఎ1 అని పేరు పెట్టారు, చిన్న చేతులవారికి అందడంలేదనే ఫిర్యాదులే అందుకు ముఖ్య కారణం. మా సమస్య వందేళ్ల నాటిదని తెలిసి నాకు కొంత ఊరట కలిగింది. ముప్ఫై తూటాల తరువాత తమ్ముడు వాడిన మాట "గుద్దు కాదన్నా, తోపుడు". స్లైడూ స్ప్రింగూ వెనక్కి పోతూ ఆ తన్నును కొంతసేపు సాగదీస్తాయి, మొత్తం తగ్గదు గానీ ఒక్క క్షణంలో మీద పడదు.

అయినా కాగితం చూస్తే చిల్లులన్నీ గురికి కింద ఎడమవైపు గుమిగూడి ఉన్నాయి. బెదురు!

ఫిబ్రవరి 15

బెదురును పట్టుకోవడానికి పాత ఉపాయం ఒకటి ఉంది. తూటాలు పేర్చే మ్యాగజీనులో అసలు తూటాల నడుమ ఒకటి రెండు పేలని డమ్మీ తూటాలు వేరొకరి చేత కలిపి పెట్టించుకోవాలి, ఏది ఎక్కడుందో కాల్చేవాడికి తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు సుత్తి టక్కుమని పడుతుంది, తన్ను ఉండదు, అప్పుడు మూతి కదిలితే ఆ కదలిక చేతిదే. రేంజిలో ఒక శిక్షకుడు పక్కన నిలబడి చూశాడు. తమ్ముడు నొక్కగానే తుపాకీ పేలకుండానే మూతి రెండు వేళ్ల వెడల్పు కిందికి దిగిందట.

బొటనవేలి నొప్పికి జడిసి అలా చేస్తున్నాడనుకున్నాము. శిక్షకుడు మాత్రం ముందు చెవుల సంగతి చూడమన్నాడు. పిస్టల్ పేలుడు 150 డెసిబెళ్లు దాటుతుంది, నాలుగు గోడల నడుమ గాలిదెబ్బ ముఖానికి కూడా తగులుతుంది. తమ్ముడు ఇంతకాలం చెవుల మీద కప్పుకునే మఫ్‌లు మాత్రమే వాడుతున్నాడు, అవి కూడా కళ్లజోడు కాడల వల్ల చెంపకు సరిగా అంటుకోవడంలేదు. చెవిలో నురుగు ప్లగ్గులు పెట్టుకుని వాటి మీద మఫ్‌లు వేసుకుని, వరుసలో గోడకు దూరంగా ఉన్న చోటు తీసుకున్నాక, డమ్మీ వచ్చిన అయిదుసార్లలో మూతి ఒక్కసారే దిగింది. చేయి భయపడిందని మేమనుకుంటున్న దానిలో సగం చెవి భయమే.

సీసపు ధూళి సంగతి కూడా అతడికి గుర్తు చేశాను: కాల్చిన చేతులతో ఏమీ తినకూడదని, చల్లని నీళ్లతో సబ్బు వేసి కడగాలని, ఆ చొక్కాను విడిగా ఉతకాలని. చల్లని నీళ్లెందుకని అడిగాడు. వేడినీళ్లు చర్మరంధ్రాలు తెరుస్తాయని రేంజిల వాళ్లు చెప్పే మాట, నష్టమేమీ లేదు కదా అని పాటించమన్నాను.

ఫిబ్రవరి 22

ఇవాళ నా అభ్యర్థి పరీక్ష. ఆరంగుళాల బ్యారెల్, స్టెయిన్‌లెస్ ఉక్కు, పెద్ద ఫ్రేము, రబ్బరు పిడి ఉన్న .44 మాగ్నం రివాల్వరు, అందులో .44 స్పెషల్ తూటాలు. రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

లెక్క తప్పలేదు. తన్ను నాలుగింటిలోకీ తక్కువేనని, .45 తరువాత ఇది కాల్చితే విశ్రాంతిగా ఉందని తమ్ముడు ఒప్పుకున్నాడు. సుత్తి ముందే లాగి ఉంచితే ట్రిగ్గర్ చక్కగా అందుతోంది, చిల్లులు అరచేయంత చోటులో పడ్డాయి. కానీ యాభై తూటాలకు యాభైసార్లు ఆ సుత్తిని లాగవలసినది నొప్పి ఉన్న ఆ బొటనవేలే. సుత్తి లాగకుండా నేరుగా నొక్కితే ట్రిగ్గర్ దూరం 79 దాకా పోతుంది, అయిదు కిలోల బలం పెట్టాలి, చేయి మళ్లీ పక్కకు తిరుగుతుంది. ఎడమ బొటనవేలితో లాగి చూడమన్నాను. నలభై తూటాలు అలాగే కాల్చాడు. "బాగానే ఉంది గానీ, ప్రతిసారీ పట్టు వదిలి మళ్లీ పట్టుకోవాలి, తుపాకీ కాలుస్తున్నట్టు లేదు, పెన్సిళ్లు చెక్కుతున్నట్టుంది" అన్నాడు. .44 స్పెషల్ తూటాలు అక్కడ ప్రతి అంగట్లోనూ దొరకవు, దొరికినచోట .45 కంటే ఖరీదు. అదీ ఒక చిన్న ఇబ్బంది.

ఆదివారం ఉదయం అతడు ఫోను చేసి, బొటనవేలు నిన్నటికంటే బిగుసుకుందని చెప్పాడు. 6.5 జౌళ్ల నా రివాల్వరును జాబితా నుంచి కొట్టేశాను.

మార్చి 8

నిర్ణయం: అయిదంగుళాల ఉక్కు 1911, .45 ఎ.సి.పి., పొట్టి ట్రిగ్గర్. పిడికి మామూలు చెక్కల బదులు పలచని చెక్కలు వేయించాలి, వాటితో చుట్టుకొలత తగ్గి వేలి కొసలు ఉదయగిరి పెద్దాయన చెప్పిన చోట నిలుస్తున్నాయి. నాలుగంగుళాల మోడలూ అల్యూమినియం ఫ్రేమూ తేలికగా ఉంటాయని దుకాణంలో చూపించారట. నడుముకు కట్టుకుని తిరిగేవాడికి తేలిక మంచిదే గానీ, రేంజిలో బల్ల మీద పెట్టుకుని కాల్చేవాడికి ప్రతి వంద గ్రాముల తగ్గుదలా అరచేతికే తగులుతుంది.

కొనేటప్పుడు ఫారం నింపడం, నేపథ్య పరిశీలన, చెల్లింపు ఒక్క పూటలో అయిపోయాయి. సుత్తి కింద చర్మం ఇరుక్కోకుండా వెనుక తోకలా సాగిన పిడి సేఫ్టీ (అరచేతితో లోపలికి నొక్కితేనే తుపాకీని పేలనిచ్చే మీట) ఉన్నదాన్నే తీసుకోమని ముందే చెప్పాను, ఎందుకంటే పాత తరహా పొట్టి తోక ఉన్నవాటిలో బొటనవేలి పక్క చర్మాన్ని సుత్తి కొరుకుతుంది.

మార్చి 22

అక్కడ గడియారాలు గంట ముందుకు జరిగాయి, కాబట్టి ఇవాళ ఎనిమిదిన్నరకే ఫోను వచ్చింది. అరవై తూటాలు. నొప్పి లేదు. డమ్మీ పరీక్షలో ఆరింటికి ఒకసారే మూతి కదిలింది. చిల్లులు కళ్లజోడులోంచి కనిపిస్తున్నాయట, పెద్ద బోరు కోరికకు అసలు కారణం అదేనని నేను మరచిపోయినా అతడు మరచిపోలేదు.

అయితే రెండుసార్లు ట్రిగ్గర్ నొక్కితే ఏమీ జరగలేదు. సుత్తి పడలేదు, టక్కుమన్న శబ్దమూ లేదు. మూతి టార్గెట్ వైపే ఉంచి, వేలు తీసి, పద్ధతి ప్రకారం ఖాళీ చేసి చూస్తే తూటా బాగానే ఉంది, తుపాకీ బాగానే ఉంది. నేను అటకమీది 66 నమూనాను దించి, అతడు వీడియోలో చూపిన విధంగా కుడి బొటనవేలిని పైనున్న సేఫ్టీ మీటమీద ఆనించి పట్టుకుని చూశాను. బొటనవేలు అలా పైకి లేవగానే అరచేతిలో, సరిగ్గా పిడి సేఫ్టీ ఉండే చోట, గుంట పడుతోంది. నొప్పికి దూరంగా ఉండడానికి అతడు వేలు ఎత్తి పెట్టుకుంటున్నాడు, దానితో ఆ పిడి సేఫ్టీ పూర్తిగా లోపలికి నొక్కుకోవడంలేదు.

సేఫ్టీని కట్టివేసి పెట్టుకునేవారున్నారని ఎవరో చెప్పారట. అది కుదరదని గట్టిగా చెప్పాను. అడుగుభాగంలో చిన్న బొడిపె ఉన్న పిడి సేఫ్టీలు వేరుగా దొరుకుతాయి, ఆ బొడిపె అరచేతి గుంటలోకి చేరుతుంది. తుపాకుల మరమ్మతు చేసేవాడి దగ్గర దాన్ని అమర్పించడానికి వచ్చే శనివారం సమయం తీసుకున్నాడు. అందాకా బొటనవేలిని మీట కింద పెట్టి కాల్చమన్నాను, నమూనాకు అదే చోట కాస్త మైనం ముద్ద అంటించి బొడిపె ఎంత ఎత్తుండాలో ఇక్కడ నేను చూస్తున్నాను. ఇప్పటికి మూడు మిల్లీమీటర్లు సరిపోయేట్టుంది.